మనసు విప్పేది ఎవరి ముందు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ కోసం హాస్టల్లో ఉంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. పరాయి రాష్ట్రం నుంచి మన ఊరిని నమ్మి వచ్చిన పిల్ల. తండ్రి హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలన్నది వాటిలో ముఖ్యమైనది.

మన గడ్డమీద జరిగిన ఘోరంలోంచి పుట్టిన తీర్పు ఇది. అందరికన్నా ముందు, అందరికన్నా నిజాయతీగా అమలు చేయాల్సింది మనమే. జీవో ఇవ్వడం, కాలేజీల నుంచి 'నియమించాం' అని కాగితం తెప్పించుకోవడం ఒక పూట పని. నేను అడగదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆ కౌన్సెలర్ కుర్చీలో కూర్చున్న మనిషికి అర్హత ఉందో లేదో ఎవరు చూస్తారు? ఆయన తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పాత విద్యార్థులు శుభలేఖలు పట్టుకునే కాదు, కష్టాలు మోసుకుని కూడా వస్తుంటారు. అలా వచ్చిన ఒకమ్మాయి తన తమ్ముడి సంగతి చెప్పింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆ కుర్రాడికి జబ్బు చేసింది. కొన్నాళ్లు రాత్రిళ్లు కంటిమీద కునుకు లేకుండా తిరగడం, కనబడినదల్లా కొనేయడం, తర్వాత నెలల తరబడి మంచం దిగకపోవడం. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడు బైపోలార్ జబ్బని చెప్పి మందులు రాశాడు. కుర్రాడు కుదుటపడ్డాడు, మళ్లీ క్లాసులకు వెళ్లాడు. ఈలోగా చుట్టాలు 'పెళ్లి కావలసిన పిల్లాడికి జీవితాంతం ఆ మాత్రలేంటి' అని నస పెట్టి, పట్నంలో ఒక సైకాలజిస్టు అడ్రసు ఇచ్చారు.

సెల్‌ఫోన్ల షాపు పైన, రెండో అంతస్తులో గది. గోడనిండా ఫ్రేములు. ఒకటి ఏదో సంస్థ ఇచ్చిన గౌరవ డాక్టరేటు. ఒకటి రెండురోజుల వర్క్‌షాపుకు హాజరైనందుకు సర్టిఫికెట్. ఒకటి సినిమా నటుడి చేత శాలువా కప్పించుకున్న ఫోటో. టేబుల్ మీద టీవీ చర్చల్లో కూర్చున్నప్పటి ఫోటోల ఆల్బమ్. రిజిస్ట్రేషన్ నంబరున్న కాగితం మాత్రం ఎక్కడా లేదు. అది అడగాలని ఆ కుటుంబానికి తెలియదు, తెలియజెప్పినవాళ్లూ లేరు. సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు మొత్తం ముందే. కొన్ని సిట్టింగులయ్యాక ఆయన 'ఈ మాత్రలు మెదడును మొద్దుబారుస్తాయి, మానేయండి, నేను చూసుకుంటాను' అన్నాడు. మానేశారు. నెల తిరక్కుండా ఆ పిల్లాడు అర్ధరాత్రి బైపాస్ రోడ్డుమీద చెప్పుల్లేకుండా నడుస్తుంటే లారీ డ్రైవర్లు ఆపి కూర్చోబెట్టారు. చదువు అక్కడితో ఆగింది.

అక్క ఊరుకోలేదు, ఫిర్యాదు చేద్దామని బయల్దేరింది. పోలీస్ స్టేషన్లో 'మీరే వెళ్లారు, మీరే డబ్బు కట్టారు, ఇందులో కేసేముందమ్మా' అన్నారట. డాక్టర్ల మీద ఫిర్యాదులు తీసుకునే చోట 'ఆయన డాక్టరు కాదు కదా' అన్నారట. డాక్టరు తప్పు చేస్తే అడగడానికి వైద్య మండలి ఉంది. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉంది, మందుల షాపులో ఫార్మసిస్టుకు ఫార్మసీ కౌన్సిల్ ఉంది. ఏ రిజిస్టరులోనూ పేరు లేనివాడు ఏ తప్పు చేసినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. 'ఇప్పుడేం చేయమంటారు సార్' అని ఆమె నన్నడిగింది. ఆ ప్రశ్న నాది కాదు, మీది. అందుకే మీకు రాస్తున్నాను.

చట్టాలు లేకపోలేదు. మూడున్నాయి. మొదటిది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆ మండలి కేంద్ర రిజిస్టరులో పేరుండాలి. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలు ఇవాళ చాలాచోట్ల ఒక్క సిట్టింగు ఫీజు. ఈ మండలి పనిచేసేది కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద, ఢిల్లీలో. మీ శాఖతో దానికి నేరుగా సంబంధం లేదు.

రెండోది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఇది పూర్తిగా మీ పరిధిలోనిది. ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఉండాలంటుంది. రాష్ట్రంలోని క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి, ఆ జాబితాను ప్రచురించడం ఆ సంస్థ విధి అని 55వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. 'నమోదు చేసి' దగ్గర ఆగలేదు, 'ప్రచురించాలి' అంది. ఎందుకంటే జాబితా బీరువాలో ఉంటే, గుమ్మం ముందు నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అని ఆలోచించే తల్లికి అది ఒరగబెట్టేదేమీ లేదు.

కానీ ఈ చట్టంలోనూ ఒక పెద్ద సందు ఉంది. 'మానసిక ఆరోగ్య కేంద్రం' అంటే రోగులను చేర్చుకుని ఉంచుకునే చోటు అని నిర్వచించింది. అంటే మంచాలున్న చోటికి రిజిస్ట్రేషన్, తనిఖీ, జరిమానా అన్నీ వర్తిస్తాయి. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను ఉన్న గదికి వర్తించవు. 55వ సెక్షన్ పేర్కొన్న వృత్తుల్లో 'కౌన్సెలర్' లేడు. ఫ్లెక్సీ మీద 'సైకాలజిస్ట్, లైఫ్ కోచ్, హిప్నోథెరపిస్ట్' అని రాసుకున్నవాడు మొదటి చట్టానికి దొరకకుండా 'క్లినికల్' అన్న ముక్క వదిలేస్తాడు. మంచం వేయడు కాబట్టి రెండో చట్టానికీ దొరకడు. నా విద్యార్థిని తమ్ముణ్ణి చూసినాయన ఈ సందులోనే కూర్చున్నాడు.

ఆ సందు పూడ్చగలిగేది మూడో చట్టం. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పది విభాగాల కింద 50కి పైగా వృత్తులను తెచ్చింది. అందులో ప్రవర్తన ఆరోగ్య శాస్త్రాల విభాగం ఒకటి. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు దాని కిందికే వస్తారు. ప్రతి రాష్ట్రం ఒక కౌన్సిల్ పెట్టాలి. దాని కింద నైతిక నియమాలను, రిజిస్ట్రేషన్‌ను చూసే ప్రత్యేక బోర్డు ఉండాలి. రిజిస్టరులో పేరు లేనివాళ్లు ఆ వృత్తి చేయకూడదు. చట్టం వచ్చి మూడేళ్లు దాటినా చాలా రాష్ట్రాలు కదలకపోతే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, రెండు నెలల గడువుపెట్టి అమలు చేయమనాల్సి వచ్చింది. అప్పటికి కౌన్సిళ్లు పెట్టుకున్నవి 14 రాష్ట్రాలేనని కోర్టు ముందుకు వచ్చింది.

కౌన్సిల్ ఏర్పాటు చేస్తూ గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వడం వేరు, ఆ కౌన్సిల్ పనిచేయడం వేరు. చైర్మన్, కుర్చీ, కారు, లెటర్‌హెడ్ ఉన్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు. ఒక పౌరుడు ఫిర్యాదు ఇస్తే రసీదు రావాలి. విచారణ తేదీ రావాలి. తప్పు తేలితే ఆ పేరు రిజిస్టరులోంచి తీసేశారని నలుగురికీ తెలియాలి. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు థెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు ఆ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తారు. కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఆ మనిషి లైసెన్సు ఎప్పటిదాకా ఉంది, ఆయన మీద క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా అన్నది నిమిషంలో తెలుస్తుంది. అదే కుటుంబంలో నల్గొండలోనో ఒంగోలులోనో ఉన్న తమ్ముడికి ఆ సౌకర్యం ఎందుకు ఉండకూడదు? భూముల పహాణీలు, అడంగళ్లు ఫోనులో చూపించగలిగిన ప్రభుత్వాలు ఇవి. కొన్ని వేల పేర్ల జాబితా, తెలుగులో, జిల్లాలవారీగా, చదువు, రిజిస్ట్రేషన్ నంబరుతో సహా పెట్టడం వీటికి చేతకాని పనేమీ కాదు.

ఇక మంచాలున్న చోట్ల సంగతి. తాగుడు మాన్పిస్తామనే కేంద్రాలు ఊరి చివర తోటల్లో, అద్దె ఇళ్లలో వెలుస్తున్నాయి. దగ్గరి బంధువు ఒకర్ని చూడటానికి అలాంటి ఒక చోటికి వెళ్లాను. గేటుకు బయటినుంచి తాళం. లోపలున్నవాళ్ల ఫోన్లు తీసేసుకున్నారు. మాట్లాడిస్తామన్నది వారానికోసారి, అదీ పక్కన మనిషి నిలబడి ఉండగా. డాక్టరు ఎప్పుడొస్తారంటే 'వస్తుంటారు' అన్నారు. అంతకుముందు అక్కడే చికిత్స పొందినవాళ్లే కాపలా, వాళ్లే కౌన్సెలింగ్. మా బంధువు చొక్కా చేయి పైకి జరిగినప్పుడు మోచేతి దగ్గర కమిలిన గుర్తు కనిపించింది. అడిగితే జారిపడ్డానన్నాడు. ఇంటికి వచ్చాక కూడా అదే మాట అన్నాడు.

2017 చట్టంలో మానసిక అనారోగ్యం అంటే మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా. కాబట్టి ఈ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయలు, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన 5 లక్షల దాకా జరిమానా. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ పనిచేసే మానసిక ఆరోగ్య నిపుణుడికి కూడా 25 వేల దాకా జరిమానా ఉంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధం వెనక 2001 ఆగస్టు 6 ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది ఆ రోజు మంటల్లో కాలిపోయారు. పరుగెత్తే వీలు లేకుండా కాలిపోయారు. అది జరిగాకే దేశమంతా తనిఖీలు మొదలయ్యాయి. మన దగ్గర తనిఖీలకు అలాంటి కారణం రాకముందే వెళ్లండి.

అదే చట్టం ప్రకారం, సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని మరొకరి మద్దతుతో చేర్చుకుంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. మహిళలు, మైనర్ల విషయంలో మూడు రోజుల్లో, మిగతావాళ్ల విషయంలో ఏడు రోజుల్లో. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షతన నడిచే ఈ బోర్డులో కలెక్టరు ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో వైద్యుడు ఉంటారు. వీళ్లతోపాటు జబ్బును అనుభవించినవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు, లేదా వాళ్లకోసం పనిచేసే సంస్థల తరఫునవాళ్లు ఇద్దరుంటారు. రోగి గానీ, రోగి ఎంచుకున్న ప్రతినిధి గానీ పైసా ఖర్చులేకుండా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంత మంచి ఏర్పాటు ఉందని మన పల్లెల్లో ఎవరికి తెలుసు? ఎర్రగడ్డ ఆసుపత్రికో, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికో వచ్చేవాళ్లకు, ప్రతి డీఅడిక్షన్ సెంటరు గేటు ముందు నిలబడేవాళ్లకు ఆ బోర్డు ఫోన్ నంబరు పెద్ద అక్షరాల తెలుగులో కనిపించాలి. మా బంధువులాంటివాళ్లు ఇంటికొచ్చాక కూడా భయపడి నోరు విప్పరు. వాళ్ల తరఫున మాట్లాడటానికే ఆ బోర్డు ఉంది.

నియంత్రణ అనగానే వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మానసిక వైద్యులే తక్కువ, దేశంలో లక్ష జనాభాకు ఒకరు కూడా లేరు, ఉన్న కౌన్సెలర్లను కూడా తరిమేస్తే జనం ఎక్కడికి పోతారు అంటారు. కొరత నిజమే. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. మన దగ్గర గాయం ఎంత లోతో ఆ సర్వే కొలవనేలేదన్నమాట.) కానీ కొరత ఉందని చెప్పి అర్హతలేనివాణ్ణి జనం మీదికి వదలడం గోరుచుట్టుపై రోకటిపోటు. అతని దగ్గర దెబ్బతిన్న కుటుంబం మళ్లీ అసలు వైద్యుడి గుమ్మం కూడా తొక్కదు.

ఇంకో అభ్యంతరం, నియంత్రణ పేరుతో మామూళ్ల దుకాణం తెరుస్తారని. ఆ భయమూ న్యాయమైనదే. దానికి మందు, తనిఖీ నివేదికలను కూడా జనం చూసేలా పెట్టడం. మూడో మాట అనేది ఈ రంగంలో నిజాయతీగా పనిచేస్తున్న చిన్నవాళ్లు. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసి, స్కూళ్లలో పిల్లలతో ఓపికగా మాట్లాడుతున్నవాళ్లు వందల్లో ఉన్నారు. 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో చెప్పకూడదంది. అంతకుముందే, ఆసుపత్రిలో రెండేళ్లు పర్యవేక్షణలో శిక్షణ ఇచ్చే క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు 2025-26ను ఆఖరి ఏడాదిగా ప్రకటించింది. కొత్త కోర్సులు వస్తున్నాయి. ఈ మధ్యలో ఇరుక్కున్నవాళ్లను ఒక్క కలం పోటుతో నకిలీలని తేల్చడం అన్యాయం. వాళ్లకు గడువిచ్చి, పర్యవేక్షణలో శిక్షణ ఇప్పించి, పరీక్ష పెట్టి, ఏ పని చేయవచ్చో ఏది చేయకూడదో రాసిచ్చి రిజిస్టరులోకి తీసుకోండి. మాత్రలు ఆపమని చెప్పే అధికారం కౌన్సెలర్‌కు లేదన్న ఒక్క వాక్యం ఆ కాగితంలో ఉండి, ఆ కాగితం గోడమీద ఉండి ఉంటే నా విద్యార్థిని తమ్ముడు ఇప్పటికి డిగ్రీ పూర్తిచేసేవాడు.

రిజిస్టరులో పేరు ఎక్కించడంతో పని అయిపోదు. మంచి శిక్షణ పొందిన కౌన్సెలర్ కూడా హాస్టల్లో ఒంటరిగా కూర్చుని రోజుకు పదిమంది పిల్లల దుఃఖం వింటే, ఏ పిల్లను వెంటనే ఆసుపత్రికి పంపాలో ఏ పిల్లకు మాట చాలో తేల్చుకోలేని రోజు వస్తుంది. ఆ రోజు ఫోనుచేసి అడగడానికి ఒక పెద్ద ఉండాలి. ప్రిన్సిపాల్ ఆ పని చేయలేడు. ఆయనకు ర్యాంకులు కావాలి. పిల్లలు చెప్పిన రహస్యాలు స్టాఫ్‌రూములో, తల్లిదండ్రుల మీటింగులో బయటపడుతున్న కాలేజీలు నాకు తెలుసు. అందుకే కాలేజీ కౌన్సెలర్‌కు జీతం కాలేజీ ఇచ్చినా, పర్యవేక్షణ మాత్రం కాలేజీ చేతిలో ఉండకూడదు.

దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో అది మొదలైనప్పుడు ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటి. ఇప్పుడు ఆ కార్యక్రమం కింద జిల్లాలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్ ఉండాలి. ఖాళీలు భర్తీ చేయండి. జిల్లాలోని కాలేజీ కౌన్సెలర్లందరూ నెలకోసారి ఆ బృందం ముందు కూర్చుని, పేర్లు చెప్పకుండా తమ కష్టమైన కేసులు చర్చించే ఏర్పాటు చేయండి. కలెక్టర్ల నాయకత్వంలో జిల్లా పర్యవేక్షణ కమిటీలు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఇచ్చే కౌన్సెలర్ల పేర్లను ఆ కమిటీ రిజిస్టరుతో సరిచూడాలి. మ్యాథ్స్ లెక్చరర్ పేరే కౌన్సెలర్ పేరుగా వస్తే ఆ సంస్థ గుర్తింపు నిలిపేయాలి.

ఈ లేఖ చదువుతున్న తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లల్ని ఏ కౌన్సెలర్ దగ్గరికైనా తీసుకెళ్లేముందు ఆయన ఏ రిజిస్టరులో ఉన్నాడో, నంబరెంతో అడగండి. అడిగినందుకు కోపం వచ్చే మనిషి దగ్గర మీ పిల్లలకు పనిలేదు. ఎవరు ఏమన్నా, మందులు రాసిన డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపకండి. ఎటు వెళ్లాలో తోచని రాత్రి 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మంత్రివర్యులారా, ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుతారు. ర్యాలీలు, ఆకుపచ్చ రిబ్బన్లు, ప్రసంగాలు ఉంటాయి. ఈసారి ఆ రోజుకు రెండు రాష్ట్రాలూ తమ రిజిస్టరును తెలుగులో ప్రజల ముందు పెట్టాలని, ప్రతి జిల్లాలో సమీక్షా బోర్డు ఎక్కడుందో, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో ప్రకటించాలని, రిజిస్ట్రేషన్ లేని డీఅడిక్షన్ సెంటర్లకు నోటీసులు వెళ్లాలని కోరుతున్నాను. ఇందులో ఏ ఒక్కదానికీ అసెంబ్లీలో కొత్త బిల్లు పెట్టనక్కర్లేదు. మీ సంతకాలు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత జూనియర్ కాలేజీ అధ్యాపకుడు